ఫోనులో వేలంపాట – మన జాగ్రత్తలు

(మన సంఘ వార్షిక సభలో కార్యవర్గం పక్షాన చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీం.



ఏటా ఈ సభలో పిల్లల చదువులు, స్కాలర్‌షిప్పులు, పేద ఆడపిల్లల పెళ్లిళ్లకు సాయం – వీటి గురించి మాట్లాడుకోవడం మనకు ఆనవాయితీ. ఈ ఏడు కార్యవర్గంలో కూర్చొని ఆలోచించినప్పుడు ఇంకొక విషయం కూడా తప్పక చెప్పాలనిపించింది. అది ఫోనులో అమ్మకాలు, కొనుగోళ్లు, వేలంపాటలు. "ఇదేమి సంక్షేమం? ఇది వ్యాపారం కదా" అని కొందరు పెద్దలు అడిగారు. ఒక ఇంటికి సంఘం ఏడాదంతా కూడబెట్టి ఇచ్చే సాయం, ఒక్క మధ్యాహ్నం ఫోను మాటలో కరిగిపోతున్నప్పుడు, దాన్ని ఆపడం కూడా సంక్షేమమేనని మేము మనవి చేసుకుంటున్నాం. ఎందుకంటున్నామో ఈ ప్రసంగం పూర్తయ్యేసరికి మీకే తెలుస్తుంది.

సంతలో ఉన్న కాపలా

వేలంపాట మనకు కొత్త కాదు. చెరువులో చేపలు, మామిడి తోటల ఫలసాయం, సంత ఆశీలు – ఇవన్నీ మన ప్రాంతంలో పాట మీద నడిచినవే. "సర్కారువారి పాట" అని మొదలై, "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అని ముగిసే ఆ కేక మన పెద్దలందరికీ చెవిలో ఉన్నదే. అలమండ సంతలోనో, మానాపురం సంతలోనో ఎద్దుల బేరం చూసినవారికి ఇంకా బాగా తెలుసు. కొనేవాడు ఎద్దు పళ్లు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు, సుడులు చూస్తాడు. దళారీ మధ్యలో ఉంటాడు. చుట్టూ పదిమంది ఉంటారు. సొమ్ము చేతిలో పడినాక తాడు చేతికిస్తారు.

మన దీన్‌లో కూడా వేలానికి చోటున్నది. అబూదావూద్ హదీసు సంకలనంలో ఉన్న ఒక ఉదంతం మన ఖతీబులు చాలాసార్లు చెప్పగా విన్నాం. ఒక అన్సారీ సోదరుడు చేయి చాచి వచ్చాడు. ఇంట్లో ఏమున్నదని ప్రవక్త (స) అడిగారు. సగం పరుచుకొని సగం కప్పుకొనే ఒక దుప్పటి, నీళ్లు తాగే ఒక గిన్నె ఉన్నాయన్నాడు. వాటిని తెప్పించి, చేతిలో పట్టుకొని, ఎవరు కొంటారని నలుగురిలో అడిగారు. ఒకరు ఒక దిర్హం అన్నారు. ఇంకా ఎక్కువ ఇచ్చేవారున్నారా అని మళ్లీ మళ్లీ అడిగితే మరొకరు రెండు దిర్హములన్నారు. ఆయనకే ఇచ్చి, ఆ రెండు దిర్హములు ఆ పేదవానికిచ్చి, ఒకదానితో ఇంటికి తిండి, రెండవదానితో గొడ్డలి కొనుక్కోమన్నారు. ఆ గొడ్డలికి ప్రవక్త (స) తన చేత్తోనే కామ వేసి, కట్టెలు కొట్టి అమ్ముకోమని పంపించారు.

ఈ ఉదంతంలో వేలంపాటకు కావలసిన నాలుగు కాపలాలూ కనిపిస్తున్నాయి. సరుకు కళ్లెదుట ఉంది. అమ్మేవాడెవరో, కొనేవాడెవరో అందరికీ తెలుసు. నలుగురు సాక్షులున్నారు. సొమ్ము, సరుకు ఒకచోటనే చేతులు మారాయి. మన సంతలో ఉన్నవీ ఇవే. ఫోను చేసిన పనేమిటంటే వేలంపాటను ఉంచి, ఈ నాలుగు కాపలాలనూ తీసేసింది. సరుకు బదులు బొమ్మ వచ్చింది, మనిషి బదులు పేరు వచ్చింది, సాక్షులు లేరు, సొమ్ము ఒకచోట, సరుకు మరొకచోట. కాబట్టి ఫోనులో కొనవద్దు, అమ్మవద్దు అని మేము చెప్పడం లేదు. పోయిన ఆ నాలుగు కాపలాలనూ మన చేత్తో మనమే మళ్లీ పెట్టుకోవాలని చెబుతున్నాం. మా ప్రసంగమంతా ఈ ఒక్క మాటే.

ఫోను వేలం ఎలా వచ్చింది

1995లో అమెరికాలోని కాలిఫోర్నియాలో పియర్ ఒమిడ్యార్ అనే యువకుడు కంప్యూటరు మీద వేలంపాట జరిగే ఏర్పాటు చేశాడు. అదే తరువాత ఈబే అయింది. అందులో మొదట అమ్ముడైన వస్తువు ఒక పాడైపోయిన లేజరు పాయింటరు. 14 డాలర్ల 83 సెంట్లకు పోయింది. పాడైనదని అతడు ముందుగానే రాసిపెట్టాడు. అయినా కొంటున్నారా అని అడిగితే, పాడైనవే పోగుచేస్తానని కొన్నవాడు చెప్పాడట. నిజం చెప్పి అమ్మినా కొనేవాడు దొరుకుతాడన్న సంగతి ఆ మొదటి పాటలోనే తేలింది.

మన దేశంలో బాజీ డాట్ కామ్ అనే సంస్థ ఇటువంటి వేలం నడిపేది. 2004లో ఈబే దాన్ని కొన్నది. 2018 ఆగస్టులో ఈబే ఇండియా మూతపడింది. కాబట్టి ఇవాళ మన పిల్లలు "ఆన్‌లైన్ వేలం" అంటున్నవాటిలో ఎక్కువ భాగం నిజానికి వేలం కాదు. ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ వంటి చోట్ల ఎవరికి వారు ప్రకటన వేసుకొని, ఫోనులో బేరమాడుకొనే పద్ధతి అది. అక్కడ పాట నడిపే మనిషి లేడు. రేటు తేలాక బాధ్యత ఇద్దరిదే.

నిజమైన వేలం ఇంకా కొన్నిచోట్ల ఉన్నది. ప్రభుత్వ సంస్థల పాత ఇనుము, పాత వాహనాలు ఎంఎస్‌టీసీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ద్వారా కంప్యూటరు వేలానికి వస్తాయి. అప్పు తీరని ఇళ్లను, స్థలాలను బ్యాంకులు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద ఈ-వేలం వేస్తాయి. పాత ఇనుము వ్యాపారంలో ఉన్న మన సోదరులకు వీటితో పని పడుతుంది గనుక వీటి సంగతి కూడా తరువాత మనవి చేస్తాం.

786 నోటు సంగతి

ఇక మా మనసును బాధ పెట్టిన విషయానికి వస్తున్నాం.

మన మొహల్లాలో అందరం ఖాలా అని పిలుచుకొనే ఒక పెద్దామె ఉన్నారు. పేరు చెప్పడం లేదు. చెప్పమని ఆమే అన్నారు, కానీ పేరు మాత్రం వద్దన్నారు. ఆమె భర్త సైకిలు రిపేరు షాపు నడిపేవారు. గల్లాపెట్టెలోకి 786 అంకె ఉన్న నోటు వస్తే ఖర్చు పెట్టకుండా రుమాలులో కట్టి దాచేవారు. ఆయన పోయేనాటికి పదకొండు నోట్లయినాయి. పదుల నోట్లు ఐదు, ఒక ఇరవై, యాభైలు రెండు, వందలు మూడు. మొత్తం నాలుగు వందల డెబ్బై రూపాయలు.

ఒకరోజు ఫోనులో ఒక వీడియో వచ్చింది. 786 నోటుకు వేలంలో మూడు లక్షలు పలుకుతున్నదని, నోటు ఫొటో పెడితే చాలునని అందులో చెప్పారు. మనవరాలి నర్సింగు ఫీజు కట్టవలసిన నెల అది. మనవడు ఫొటో తీసి పెట్టాడు. గంటలోనే ఫోను వచ్చింది. మాట్లాడినవాడు సలాం చెప్పి, ముంబయిలో నోట్లు పోగుచేసే పెద్ద సేఠ్ తరఫున మాట్లాడుతున్నానన్నాడు. ఆ పవిత్రమైన అంకె మీద బేరమాడనని, అడిగిన ధరే ఇస్తానని అన్నాడు. ముందుగా రిజిస్ట్రేషనుకు 1,150 రూపాయలన్నాడు. కట్టారు. తరువాత పన్నుకు 6,500 అన్నాడు, రిజర్వు బ్యాంకు ముద్ర ఉన్న కాగితం పంపాడు. కట్టారు. చివరగా సొమ్ము విడుదలకు 14,800 అన్నాడు. ఖాలా తన చేతి గాజు తాకట్టు పెట్టి కట్టించారు. మొత్తం 22,450 రూపాయలు. ఆ తరువాత ఆ ఫోను పలకలేదు.

ఈ సంగతి మాకు తెలిసింది పంతొమ్మిది రోజుల తరువాత. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగితే ఆమె అన్న మాట ఇది: "ఎవులికి సెప్పుకోను బాబూ? ముసిల్దానికి ఆశేటి అని నవ్వుతారు గదా." వెంటనే ఫిర్యాదు చేయించాం. కానీ అప్పటికే సొమ్ము చేతులు మారి మారి పోయింది. ఒక్క రూపాయి కూడా తిరిగి రాలేదు.

ఇంతకన్నా పెద్ద విషయం ఇంకొకటి చెప్పాలి. ఆ వీడియో ఆమెకు ఎక్కడినుంచి వచ్చిందో వెతికితే, మన సంఘం వాట్సాప్ గ్రూపులోనుంచే వచ్చింది. కార్యవర్గంలోని మాలో ఒకరే, "మాషా అల్లా" అని రాసి అందరికీ పంపారు. మిగిలిన మేమందరం చూచి ఊరుకున్నాం. సంఘం గ్రూపులో వచ్చింది గనుక నిజమై ఉంటుందని ఆ కుర్రవాడు నమ్మాడు. అంటే ఆ దొంగకు సాక్షి సంతకం చేసింది మనమే. ఈ సభాముఖంగా ఖాలాకు మేము క్షమాపణ చెప్పుకుంటున్నాం.

లెక్క వేసి చూద్దాం

బిస్మిల్లా అక్షరాలకు అబ్జద్ పద్ధతిలో విలువ కట్టి కూడితే 786 వస్తుంది. అందుచేత ఆ అంకె మీద మనవారికి అభిమానం. ఆ అభిమానాన్ని మేము తప్పు పట్టడం లేదు. అయితే అభిమానం వేరు, నోటు ధర వేరు.

నోటు మీద ముందు అక్షరాలు, ఆ తరువాత ఆరంకెల సంఖ్య ఉంటుంది. ఆరంకెల్లో 786 మొదట రావచ్చు, రెండో స్థానం నుంచి రావచ్చు, మూడో స్థానం నుంచి, నాలుగో స్థానం నుంచి కూడా రావచ్చు. ఒక్కొక్క చోట వెయ్యి నోట్లు. రెండుసార్లు లెక్కకొచ్చే 786786 ఒక్కటీ తీసివేస్తే, పది లక్షల నోట్ల వరుసలో 3,999 నోట్ల మీద 786 ఉంటుంది. అంటే సుమారు ప్రతి 250 నోట్లకు ఒకటి. కిరాణా కొట్టులో కూర్చున్నవాడికి వారానికి ఎన్ని చేతిలో పడతాయో మీరే ఆలోచించండి. ఇంత విరివిగా దొరికేదానికి మూడు లక్షలు ఎవరిస్తారు? 000786 అనో, 786786 అనో ఉన్న కొత్త నోటుకు పోగుచేసేవారు కొంత ఎక్కువ ఇవ్వవచ్చు. అది కూడా నోటు చేతిలో పట్టుకొని చూసి ఇచ్చేదేగాని, ముందు మన దగ్గర రుసుము పుచ్చుకొని కాదు.

"మరి ఫోనులో మూడు లక్షలని కనిపిస్తున్నది కదా" అని అడుగుతారు. అది అమ్మేవాడు రాసుకున్న ధర. అమ్ముడైన ధర కాదు. బక్రీదు ముందు మేక ఒంటి మీద ఏదో మచ్చ చూపించి లక్ష చెప్పేవాడు కనిపిస్తాడు. సాయంత్రానికి ఆ మేక ఎంతకు పోయిందో అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. ఫోనులోనూ అంతే. చెప్పిన ధర చూడవద్దు, పోయిన ధర చూడండి.

ట్రాక్టరు బొమ్మ ఉన్న పాత ఐదు రూపాయల నోటు, 2012 నాటి వైష్ణోదేవి బొమ్మ నాణెం – వీటి పేరుతోనూ ఇదే ఆట నడుస్తున్నది. హిందూ సోదరులకు ఆ బొమ్మ, మనకు 786. ఎవరి భక్తి వారికి గాలం. 4 ఆగస్టు 2021న రిజర్వు బ్యాంకు ఒక ప్రకటన చేసింది. తన పేరు, చిహ్నం వాడుకొని కొందరు పాత నోట్లు, నాణేల అమ్మకానికి రుసుము, కమిషను, పన్ను అడుగుతున్నారని, తాను అటువంటి వ్యవహారం చేయదని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని అందులో స్పష్టంగా తెలిపింది. కాబట్టి రిజర్వు బ్యాంకు ముద్రతో కాగితం వస్తే నమ్మకం పెరగకూడదు, అనుమానం పెరగాలి.

చట్టం సంగతి కూడా గుర్తుంచుకోవాలి. రద్దయిన పాత 500, 1000 నోట్లు 786 అంకెతో ఉన్నాయని కొందరు దాచారు. 2017 నాటి చట్టం ప్రకారం అటువంటివి పదికి మించి ఉంచుకోకూడదు, నాణేలు, నోట్ల సేకరణ, పరిశోధన చేసేవారైతే ఇరవై ఐదు వరకు. ఇతరులకు ఇవ్వడం, పుచ్చుకోవడం నిషేధం. జరిమానా పదివేలు గాని, ఆ నోట్ల విలువకు ఐదింతలు గాని, ఏది ఎక్కువైతే అది. అలాగే నూరేళ్లు దాటిన నాణేలు, పురాతన వస్తువులు, 75 ఏళ్లు దాటిన విలువైన చేతిరాత గ్రంథాలు 1972 నాటి పురావస్తు చట్టం కిందికి వస్తాయి. తాతలనాటి చేతిరాత ఖురాను ప్రతి మీ ఇంట ఉంటే, విదేశం నుంచి ఎవరో లక్షలిస్తామన్నారని పార్సిలు కట్టవద్దు. అది నేరమవుతుంది. ఆ ప్రతిని పదిలంగా ఉంచుకోండి, పిల్లలకు చూపించండి.

అమ్మేవారికి మనవి

మొదటిది. అమ్మేవాడికి సొమ్ము రావాలి, పోకూడదు. అమ్మడానికి మీరు ముందు ఏదైనా కట్టవలసి వస్తే అది బేరం కాదు. రిజిస్ట్రేషను, పన్ను, బీమా, మిలటరీ గేటు పాసు – పేరు ఏదైనా సరే.

రెండవది. యూపీఐలో సొమ్ము పుచ్చుకోవడానికి పిన్ను కొట్టే పని లేదు. పిన్ను కొట్టారంటే మీ ఖాతా నుంచి సొమ్ము బయటకు పోతుంది. ఎదుటివాడు "ఈ క్యూఆర్ బొమ్మ స్కాను చేయండి, సొమ్ము పడుతుంది" అంటే ఫోను పెట్టేయండి. స్కాను చేసేది ఇచ్చేవాడు, పుచ్చుకొనేవాడు కాదు. ఈ ఒక్క మాట ఇంట్లో గోడ మీద రాసిపెట్టుకోండి.

మూడవది. తాను మిలటరీవాడినని, దూరాన ఉన్నానని, చూడకుండానే కొంటానని, అడిగిన ధర ఇస్తానని అనేవాడిని నమ్మవద్దు. బేరమాడని కొనుగోలుదారును బొబ్బిలి బజారులో ఎవరైనా చూశారా? బేరం లేని చోట మోసం ఉన్నదనుకోండి.

నాల్గవది. సొమ్ము పడిందని మెసేజి చూపిస్తే చాలదు. మీ బ్యాంకు ఖాతాలో మీరే చూసుకొని, అప్పుడు వస్తువు ఇవ్వండి. తప్పున ఎక్కువ పంపామని, మిగతాది తిరిగి పంపమని తొందర పెడితే, ఖాతాలో చూడనిదే పైసా పంపవద్దు.

కొనేవారికి మనవి

వస్తువు చూడనిదే బయానా ఇవ్వవద్దు. పగటిపూట, నలుగురు తిరిగే చోట, తోడు మనిషితో వెళ్లి చూడండి. మనకు జంక్షను స్టేషను ఉంది, బజారు ఉంది. చీకటిపడ్డాక ఊరి చివరకు రమ్మంటే వెళ్లవద్దు.

పాత ఫోను కొనేటప్పుడు బిల్లు అడగండి. స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొడితే పదిహేను అంకెల నంబరు వస్తుంది. కేవైఎం అని ఇంగ్లీషు అక్షరాలు, ఖాళీ, ఆ నంబరు రాసి 14422కు మెసేజి పంపితే ఆ ఫోను వివరం తెలుస్తుంది. దొంగ ఫోను తెలియక కొన్నా తలనొప్పి తప్పదు. పాత మోటారు సైకిలైతే ఆర్‌సీ మీద పేరు, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు సరిపోల్చండి. ఫైనాన్సు తీరిందో లేదో చూడండి. 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు అయితేనే సొమ్ము లెక్కపెట్టండి.

పాటలో దిగేముందు మీ హద్దు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. వేలంలో మనిషికి పంతం వస్తుంది. ఎదుటివాడు వంద పెంచితే మనం రెండు వందలు పెంచుతాం. వస్తువు గెలిచామనుకుంటాం, ఇంటికొచ్చాక లెక్క చూసుకొని విచారిస్తాం. కంప్యూటరు వేలంలో చివరి నిమిషంలోనే ఈ పంతం ఎక్కువ. ఒక్కొక్క పాటకు రుసుము కట్టించుకొనే ఆటలు కూడా కొన్ని ఉన్నాయి. అక్కడ ఓడినవారి సొమ్ముతోనే గెలిచినవానికి వస్తువు వస్తుంది. అది వేలం వేషం వేసుకొన్న జూదం. జూదం మనకు హరామన్నది చెప్పనక్కరలేదు.

పాత ఇనుము కొనే సోదరులకు: ప్రభుత్వ వేలంలో సరుకును ఉన్నదున్నట్టు, ఉన్నచోటనే అమ్ముతారు. చూసుకోవడానికి తేదీలు ఇస్తారు. ఆ రోజు వెళ్లి చూడకుండా పాడితే తరువాత అరిచి లాభం లేదు. బ్యాంకు వేలంలో ఇల్లు పాడేవారు, ధరావతు ఒక్కటే సిద్ధం చేసుకుంటే చాలదు. పాట ఖరారైన రోజునే, లేదా మరుసటి పనిదినానికి, మొత్తం ధరలో నాలుగో వంతు కట్టాలి. మిగతాది మామూలుగా పదిహేను రోజుల్లో. కట్టలేకపోతే కట్టినది కూడా పోతుంది. ఇంట్లో ఎవరు కాపురమున్నారు, కోర్టు తగాదా ఉన్నదా, పన్ను బాకీలున్నాయా అనేవి ముందే విచారించాలి. ఇటువంటి వేలాలకు సంస్థ సొంత వెబ్‌సైటులోనే చేరండి. మధ్యవర్తి ఖాతాలో ధరావతు వేయవద్దు.

మన వైపు కూడా చూసుకుందాం

మోసపోకుండా ఉండడం ఒక సగం. మోసం చేయకుండా ఉండడం రెండవ సగం. ప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. తడిసినదాన్ని పైకి ఎందుకు పెట్టలేదని ఆ వ్యాపారిని నిలదీశారు. ఫోనులో పెట్టే ఫొటో కూడా రాశి పైభాగమే. లోపలి తడి మీకు తెలిసినప్పుడు అది కూడా ఫొటో తీసి పెట్టండి. గీత పడిన ఫోనుకు గీత, బ్యాటరీ నిలవకపోతే నిలవదని రాయండి.

కొననుద్దేశం లేనివాడు ధర పెంచడానికి మాత్రమే పాట పాడడాన్ని నజష్ అంటారు. దాన్ని ప్రవక్త (స) వద్దన్నారు. మన కుర్రాళ్లు కొందరు తమ్ముడి ఫోను నుంచి, బావ ఫోను నుంచి తమ వస్తువుకే తాము పాట పెంచుతున్నారని విన్నాం. నవ్వుతూ చేసినా అది నజషే. తనవి కాని వస్తువుల ఫొటోలు పెట్టి, సొమ్ము వచ్చాక కొని ఇద్దామనుకోవడం కూడా తగదు.

మన ఊరి పేరు ఎలా నిలబడిందో చూడండి. పక్కనే గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. ఒకే దుంగతో చేసిన దాన్ని ఏకండి వీణ అంటారు. బొబ్బిలి వీణ అంటే దేశమంతా ఎరుగును, దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అతుకుల వీణను ఏకండి అని చెప్పి ఫోనులో ఒక్కడు అమ్మినా, నష్టపోయేది ఆ ఒక్కడు కాదు, గొల్లపల్లి మొత్తం. మన జమాతుకూ అంతే. ఒకడు మోసం చేస్తే పేరు అందరిదీ పోతుంది.

మోసపోతే ఏమి చేయాలి

వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఇది దేశమంతటికీ ఉన్న ఫిర్యాదు నంబరు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో కూడా ఫిర్యాదు రాయవచ్చు. సొమ్ము ఒక ఖాతా నుంచి మరొక ఖాతాకు పోయేలోపల బ్యాంకు దాన్ని ఆపగలిగితేనే తిరిగి వచ్చే ఆశ. అక్కడ గంటలు లెక్క, రోజులు కాదు. మీ బ్యాంకుకు కూడా చెప్పండి. మెసేజీలు, సొమ్ము పంపిన నంబర్లు, కాగితాలు ఏవీ చెరిపివేయవద్దు. అవే మీ సాక్షులు. వేరొకరిలా నటించి కంప్యూటరు, ఫోనుల ద్వారా మోసం చేసినవానికి ఐటీ చట్టం 66డి సెక్షను కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా ఉన్నది. పోయిన సొమ్ము తెప్పిస్తామని ఆ తరువాత మరొకడు ఫోను చేస్తాడు. వాడూ ఆ ముఠావాడే అనుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం, దాచుకోవద్దు. దొంగ మన ఆశ మీద సగం బతుకుతాడు, మన సిగ్గు మీద మిగతా సగం బతుకుతాడు. ఖాలా పంతొమ్మిది రోజులు దాచుకొన్నారంటే తప్పు ఆమెది కాదు. మోసపోయినవారిని చూసి నవ్వే అలవాటు మనలో ఉన్నది. అది మానాలి. ఇంట్లో పిల్లవాడు వచ్చి "అబ్బా, సొమ్ము పోయింది" అంటే మొదటి మాట తిట్టు కాకూడదు. "1930కి చేశావా?" అన్నది కావాలి.

కార్యవర్గం తీసుకున్న నిర్ణయాలు

ఈ సందర్భంగా మూడు నిర్ణయాలు చేసుకున్నాం. ఒకటి, సంఘం గ్రూపులో లాభాల వీడియోలు, లాటరీలు, నోట్ల ప్రకటనలు ఎవరు పంపినా, పంపినవారు కార్యవర్గ సభ్యులైనా సరే, తీసివేసి, ఎందుకు తీశామో అక్కడే రాస్తాం. రెండు, ప్రతి జుమా నమాజు తరువాత చదువుకున్న ఇద్దరు యువకులు అరగంట కూర్చుంటారు. ఫోనులో ఏదైనా అమ్మదలచినవారు, కొనదలచినవారు సొమ్ము కదిలించే ముందు వారికి చూపించండి. సంతలో సాక్షి చేసే పని వాళ్లు చేస్తారు. ఆడవారి కోసం మన అక్కచెల్లెళ్లలో ఒకరు ఆ బాధ్యత తీసుకున్నారు. మూడు, మనవరాలి ఫీజు ఆగకుండా సంఘం సర్దింది. గాజు విడిపించే పని సభ్యుల చందాలతో జరుగుతున్నది. ఇది దానం కాదు, మా తప్పుకు మేము కడుతున్న బాకీ.

ఆ పదకొండు నోట్లు ఇప్పటికీ ఖాలా దగ్గరనే ఉన్నాయి, అదే రుమాలులో. మొన్న మేము వెళ్లినప్పుడు చూపించారు. "ఇవి మా ఆయన దాచినయి బాబూ, మరి అమ్మను" అన్నారు. మేమేమీ అనలేదు.

 అల్లాహ్ మన సంపాదనను హలాల్ చేసి, అందులో బర్కత్ ప్రసాదించుగాక. మనలను మోసపోనివ్వకుండా, మోసం చేయనివ్వకుండా కాపాడుగాక. ఆమీన్.

వ అఖిరు దఅవానా అనిల్ హందు లిల్లాహి రబ్బిల్ ఆలమీన్.